సేవకు బదులుగా విద్యా రుణ చెల్లింపు: వైద్య సిబ్బంది కొరతకు ప్రభుత్వ పథకాలు

డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, మానసిక చికిత్సకులు చదువు కోసం చేసిన అప్పును ప్రభుత్వం ఖజానా నుంచి తీర్చి, అందుకు బదులుగా వైద్యం అందని ఊళ్లలో వారిచేత కొన్నేళ్లు పనిచేయించుకునే ఏర్పాటును విద్యా రుణ చెల్లింపు పథకం అంటారు. ఇది అమెరికాలో అన్ని దేశాలకంటే విస్తారంగా నడుస్తోంది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దీనికి దగ్గరి రూపాలున్నాయి. భారతదేశంలోని ప్రభుత్వాలు ఇదే అవసరానికి ఎక్కువగా, చదువయ్యాక సేవ చేయకపోతే డబ్బు కట్టాలనే బాండును నమ్ముకున్నాయి.

బాండు, స్కాలర్‌షిప్, రుణ చెల్లింపు మూడూ పైకి ఒకటే బేరంలా కనిపిస్తాయి. అసలు తేడా ఆ మాట ఎప్పుడు తీసుకుంటారన్న దగ్గర ఉంది. బాండులోనూ స్కాలర్‌షిప్‌లోనూ విద్యార్థి చదువు పూర్తికాక ముందే సంతకం పెట్టాలి. తాను ఏ విభాగంలో స్థిరపడతాడో, ఎవరిని పెళ్లి చేసుకుంటాడో అప్పటికి తనకే తెలియదు. రుణ చెల్లింపులో చదువూ శిక్షణా ముగిసి, లైసెన్సు చేతికొచ్చి, ఏ ఊళ్లో కాపురం పెట్టాలా అని ఇంట్లో మాట్లాడుకునే వయసులో సంతకం పెడతారు. ఈ పథకాల బలానికీ పరిమితికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

పుట్టుక

అమెరికాలో 1960ల చివరికి చిన్న పట్టణాల్లోని పాత తరం డాక్టర్లు రిటైరవుతూ వచ్చారు. కొత్తవాళ్లు నగరాల్లో స్పెషలిస్టులుగా స్థిరపడసాగారు. సియాటిల్‌కు చెందిన పిల్లల వైద్యుడు ఏబ్రహాం బెర్గ్‌మన్, సమాఖ్య ప్రభుత్వమే డాక్టర్లను నియమించి ఇలాంటి ఊళ్లకు పంపాలని పట్టుబట్టాడు. వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ వారెన్ మాగ్నుసన్ ఆ ఆలోచనను బిల్లుగా మలిచాడు. 1970 డిసెంబర్ 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అది చట్టమైంది. అలా ఏర్పడినదే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్. ఈ బిల్లు కాంగ్రెస్‌లో పడ్డ పాట్లను మాగ్నుసన్ దగ్గర పనిచేసిన ఎరిక్ రెడ్‌మన్ ఒక పుస్తకంగా రాశాడు. అమెరికాలో చట్టాలు ఎలా తయారవుతాయో నేర్చుకునే విద్యార్థులు దాన్ని చాలాకాలం చదువుకున్నారు.

మొదట్లో ఈ కొలువుకు డాక్టర్లు రావడానికి ఒక కారణం వియత్నాం యుద్ధం. నిర్బంధ సైనిక సేవ డాక్టర్లకూ వర్తించేది, ప్రజారోగ్య సేవలో చేరితే అది తీరినట్టే లెక్క. 1973లో నిర్బంధ సైనిక సేవ రద్దు కావడంతో ఆ ఆకర్షణ పోయింది. దాని స్థానంలోకి స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రభుత్వం ఫీజు కడుతుంది, చదువు ముగిశాక విద్యార్థి ఏడాదికి ఏడాది చొప్పున సేవ చేయాలి. కాగితం మీద బాగానే ఉన్న ఈ లెక్కలో లోపం కొన్నేళ్లకు గాని బయటపడలేదు. ఇరవై రెండేళ్లప్పుడు సంతకం చేసిన విద్యార్థి ఊరికి చేరేది ఏడెనిమిదేళ్ల తర్వాత. ఈలోగా కొందరు గుండె శస్త్రచికిత్స వైపో కంటి వైద్యం వైపో మళ్లారు, కొందరు డబ్బు వెనక్కి కట్టేసి తప్పుకున్నారు, వెళ్లినవారిలోనూ ఎంతోమంది గడువు తీరేదాకా రోజులు లెక్కపెట్టుకున్నారు. 1980లలో రీగన్ ప్రభుత్వం స్కాలర్‌షిప్‌లను బాగా తగ్గించింది. 1987లో కాంగ్రెస్ దారి మార్చి, చదువు పూర్తయినవారి అప్పు తీర్చే పద్ధతిని చట్టంలో చేర్చింది. నేడు ఈ సంస్థ పనిలో పెద్ద భాగం అదే.

ఆ తర్వాత దీనికి వచ్చిన డబ్బు ఆటుపోట్లతో సాగింది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం అయిదేళ్లకు 150 కోట్ల డాలర్లు కేటాయించింది. 2008లో సుమారు 3,600 మందిగా ఉన్న సేవా బృందం 2011 నాటికి 10,000 దాటింది. కోవిడ్ కాలంలో, 2021లో, మరో 80 కోట్ల డాలర్లు వచ్చాయి. 2022లో ఈ సంస్థ కింద పనిచేసినవారు 20,000కు పైనే. అయితే నిధుల గడువును కాంగ్రెస్ మళ్లీ మళ్లీ, ఒక్కోసారి కొద్ది నెలల చొప్పున పొడిగిస్తూ వస్తోంది. పదేళ్లు నిలిచే డాక్టరు కావాలని కోరుకునే ఊరికి, వచ్చే ఏడాది పథకం ఉంటుందో లేదో తెలియని స్థితి చేటు చేస్తుంది.

ఒప్పందం లోపల ఏముంటుంది

వైద్య పట్టా తర్వాతి ఆస్పత్రి శిక్షణను, అంటే రెసిడెన్సీని, ముగించిన ఒక ఫ్యామిలీ డాక్టరును ఉదాహరణగా తీసుకుందాం. అప్పు చేసి చదివిన అమెరికన్ వైద్య పట్టభద్రుల్లో మధ్యస్థ స్థాయి అప్పు దాదాపు 2 లక్షల డాలర్లు. ఆరున్నర శాతం వడ్డీ వేసుకుంటే అసలులో ఒక్క డాలరు కూడా తగ్గకుండానే ఏడాదికి 13,000 డాలర్లు వడ్డీకే పోతాయి. రెసిడెన్సీ కాలంలో చేతికొచ్చే స్టైపెండుతో ఆ వడ్డీని ఆపడం చాలామందికి సాధ్యం కాదు. ఎముకల డాక్టరో చర్మవ్యాధుల డాక్టరో ఈ భారాన్ని కొద్ది ఏళ్లలో దించుకోగలరు. అంతకంటే బాగా తక్కువ సంపాదించే ఫ్యామిలీ డాక్టరుకు, పేదలు ఎక్కువగా వచ్చే క్లినిక్‌లో చేరే డాక్టరుకు, అది దశాబ్దం దాటే బరువు.

పథకంలో చేరాలంటే ముందు ఊరు అర్హత సాధించాలి. ప్రాథమిక వైద్యానికైతే 3,500 మందికి ఒక డాక్టరు కూడా లేని ప్రాంతాన్ని, దంతవైద్యానికి 5,000 మందికి, మానసిక వైద్యానికి 30,000 మందికి ఒకరు లేని ప్రాంతాన్ని కొరత ప్రాంతంగా గుర్తిస్తారు. అవసరం మరీ ఎక్కువగా ఉన్నచోట ఈ అంకెల్ని కొంత సడలిస్తారు. పేదరికం, దగ్గరి ఆస్పత్రికి దూరం వంటివి చూసి 25 వరకు, దంతవైద్యంలో 26 వరకు మార్కులు వేస్తారు. నిధులు సరిపోనప్పుడు ఎక్కువ మార్కులున్న ఊరికి ముందు చేయూత దొరుకుతుంది. క్లినిక్ కూడా ఒక షరతు ఒప్పుకోవాలి: డబ్బు కట్టగలరా లేదా అన్నది చూడకుండా వచ్చిన రోగినల్లా చూడాలి, పేదలకు ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించాలి. ఈ షరతు గురించి బయట అంతగా మాట్లాడరు గానీ, నా దృష్టిలో పథకంలోకెల్లా విలువైన నిబంధన ఇదే. దీనివల్ల ప్రభుత్వ సొమ్ము డాక్టరు అప్పుకే కాకుండా రోగి గడపదాకా చేరుతుంది.

మొదటి ఒప్పందం రెండేళ్లు. పూర్తికాల సేవ అంటే వారానికి 40 గంటలు, ఏడాదికి కనీసం 45 వారాలు. చాలా ఏళ్లపాటు ఇందుకు గరిష్ఠ మొత్తం 50,000 డాలర్లుగా ఉండేది. 2024 నుంచి ప్రాథమిక వైద్యం చేసేవారికి 75,000 వరకు పెంచారు. స్పానిష్ మాట్లాడే రోగులకు వారి భాషలోనే వైద్యం చేయగలిగినవారికి అదనంగా 5,000 ఇచ్చే వీలు కల్పించారు. ఈ రుణ చెల్లింపు జీతంలో భాగం కాదు, జీతం క్లినిక్ విడిగా ఇస్తుంది. దీని మీద ఆదాయపు పన్ను కూడా లేదు. సమాఖ్య పథకానికి ఆ మినహాయింపు 2004లో వచ్చింది, రాష్ట్రాల పథకాలకు 2010లో విస్తరించారు. అంతకుముందు చెల్లింపులో కొంత భాగం మళ్లీ పన్నుకే పోయేది.

మన ఉదాహరణలోని డాక్టరుకు రెండేళ్లు ముగిసేసరికి 2 లక్షల అప్పులో 75,000 తగ్గుతుంది. మిగిలినదానికి ఏడాదికోసారి చొప్పున ఒప్పందం పొడిగించుకోవచ్చు, అయితే ఏటా వచ్చే మొత్తం మొదటికంటే తక్కువ. పని సాగుతున్నట్టు క్లినిక్ ఆరు నెలలకోసారి ధ్రువీకరించాలి. మధ్యలో మానేస్తే శిక్ష కఠినం: చేయని కాలానికి తీసుకున్న సొమ్ము వెనక్కి ఇవ్వాలి, చేయని ప్రతి నెలకూ 7,500 డాలర్లు కట్టాలి, పైగా వడ్డీ. ఈ మొత్తం 31,000 డాలర్లకు తగ్గదు. ఏడేళ్లు గడిస్తే గాని దివాలా పిటిషన్‌తో కూడా దీన్నుంచి బయటపడే దారి లేదు.

ఏ అప్పును లెక్కలోకి తీసుకుంటారన్నది మరో ముఖ్యమైన నిబంధన. ప్రభుత్వం దగ్గరో వాణిజ్య బ్యాంకు దగ్గరో చదువు కోసమే తీసుకున్నట్టు కాగితాలుండాలి. క్రెడిట్ కార్డు బాకీలు, తల్లిదండ్రులు తమ పేరిట తీసుకున్న రుణాలు చెల్లవు.

రాష్ట్రాల పథకాలు

కొరత ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, సమాఖ్య ప్రభుత్వం రాష్ట్రాలు సొంత పథకాలు నడుపుకోవడానికి గ్రాంటు ఇస్తుంది. సాధారణంగా ప్రతి సమాఖ్య డాలరుకూ రాష్ట్రం మరో డాలరు కలపాలి. వీటికి తోడు చాలా రాష్ట్రాలు పూర్తిగా తమ డబ్బుతోనే వేరే పథకాలు నడుపుతున్నాయి.

టెక్సస్ పద్ధతి పరిశీలించదగ్గది. అక్కడ డాక్టరు ముందు ఏడాది పని పూర్తిచేయాలి, తర్వాతే చెల్లింపు. మొదటి ఏడాదికి 30,000 డాలర్లు, రెండో ఏడాదికి 40,000, మూడో ఏడాదికి 50,000, నాలుగో ఏడాదికి 60,000 చొప్పున నాలుగేళ్లలో 1,80,000 డాలర్ల అప్పు తీరుతుంది. ఉన్నకొద్దీ మొత్తం పెరుగుతుంది కనుక రెండో ఏడాది చివర వెళ్లిపోదామా అనిపించినా ఆగడానికి కారణం ఉంటుంది. వెళ్లినా జరిమానా పేచీ, కోర్టు గొడవ ఉండవు, మిగతా సొమ్ము రాదు, అంతే. సమాఖ్య పథకం డబ్బు ముందే ఇచ్చి శిక్ష భయంతో పట్టి ఉంచుతుంది. నాకు టెక్సస్ దారే మెరుగనిపిస్తుంది. ఊరిమీద మనసు లేని డాక్టరును జరిమానా భయంతో కూర్చోబెడితే ఆ రెండేళ్లూ నలిగేది రోగులే. అయితే దీనికీ ఒక ఇబ్బంది ఉంది: రేపటి వాయిదా కట్టాల్సిన యువ డాక్టరు ఏడాది ఆగాకే వచ్చే డబ్బు మీద ధైర్యం పెట్టుకోవాలి, రాష్ట్రం కూడా నాలుగేళ్లపాటు బడ్జెట్‌లో మాట నిలబెట్టుకోవాలి. టెక్సస్ 2009లో నమిలే పొగాకు మీద పన్నును మార్చి, వచ్చిన ఆదాయంలో కొంత దీనికి కేటాయించింది.

కాలిఫోర్నియాలో కూడా పొగాకే దారి చూపింది. 2016 నవంబర్‌లో ఓటర్లు సిగరెట్ ప్యాకెట్ మీద 2 డాలర్ల అదనపు పన్నుకు ఆమోదం తెలిపారు. ఆ నిధి నుంచి డాక్టర్లకు, దంతవైద్యులకు 3 లక్షల డాలర్ల వరకు రుణం తీర్చే పథకం పుట్టింది. ఇక్కడ షరతు ఊరిని బట్టి కాకుండా రోగిని బట్టి ఉంటుంది: అయిదేళ్లపాటు తాము చూసే రోగుల్లో కనీసం 30 శాతం పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవారై ఉండాలి. లాస్ ఏంజిలిస్ నడిబొడ్డున కూడా పేద రోగికి డాక్టరు దొరకని పరిస్థితి ఉందని గుర్తించిన పద్ధతి ఇది. న్యూయార్క్ రాష్ట్రం మూడేళ్ల సేవకు 1,20,000 డాలర్ల వరకు ఇస్తుంది. నర్సుల కోసం సమాఖ్య ప్రభుత్వమే మరో పథకం నడుపుతోంది. రెండేళ్ల సేవకు చదువు అప్పులో 60 శాతం, మూడో ఏడాది కూడా ఉంటే మరో 25 శాతం తీరుస్తుంది.

ఇన్ని పథకాలు పక్కపక్కనే నడవడంతో ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. 2007 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థల్లో గానీ లాభాపేక్ష లేని సంస్థల్లో గానీ పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగిలిన సమాఖ్య రుణం మాఫీ అవుతుంది. అమెరికాలో పెద్ద నగరాల ఆస్పత్రులు చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలుగానే నమోదై ఉన్నాయి. రెసిడెన్సీ ఏళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అంటే బోస్టన్‌లోనో షికాగోలోనో ఉండి కూడా అప్పు మాఫీ చేయించుకునే దారి ఉన్నప్పుడు, మోంటానాలోని చిన్న పట్టణానికి వెళ్లడానికి అప్పు ఒక్కటే చాలినంత కారణం కాదు. 2025 జులైలో వచ్చిన చట్టం మరో మలుపు. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వృత్తివిద్యా విద్యార్థులకు సమాఖ్య రుణాన్ని ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితం చేశారు. అంతకుమించి ఖర్చయితే ప్రైవేటు రుణమే గతి. ప్రైవేటు రుణాలకు ఆ 120 వాయిదాల మాఫీ వర్తించదు కనుక, సేవకు బదులు రుణం తీర్చే పథకాల వైపు చూసేవారు పెరిగే అవకాశం ఉంది.

ఫలితాలు

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన డోనాల్డ్ పాత్‌మన్, ఆయన సహచరులు రాష్ట్రాల పథకాల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. చదువుకునే రోజుల్లోనే మాట తీసుకున్న స్కాలర్‌షిప్ పథకాల్లో సేవ పూర్తిచేసినవారు మూడింట రెండు వంతుల మంది. చదువు ముగిశాక మాట తీసుకున్న రుణ చెల్లింపు వంటి పథకాల్లో అది 93 శాతం. నాలుగేళ్ల తర్వాత అదే ప్రాక్టీసులో కొనసాగుతున్నవారిని చూస్తే, పథకాల్లో చేరినవారిలో 71 శాతం, చేరని తోటి డాక్టర్లలో 61 శాతం. పుట్టుక దగ్గర చెప్పుకున్న స్కాలర్‌షిప్ అనుభవాన్ని ఈ అంకెలు బలపరుస్తున్నాయి.

బార్నిగ్‌హౌసెన్, బ్లూమ్ 2009లో అంతవరకు వచ్చిన 43 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో 34 అమెరికావే. ఆర్థిక సాయం పొంది సేవకు వెళ్లినవారు దీర్ఘకాలంలో కొరత ప్రాంతాల్లో పనిచేసే అవకాశం మిగతావారికంటే ఎక్కువ, కానీ మొదట పంపిన ఊళ్లోనే నిలిచే అవకాశం తక్కువ అని వారు తేల్చారు. ఈ రెండో మాట ఆ ఊరివాళ్లకు చేదు వార్తే. డాక్టరు పేదల వైద్యాన్ని వదలకపోవచ్చు, వారి ఊరిని మాత్రం వదిలి వెళ్లొచ్చు.

ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న కూడా ఉంది. పథకంలో చేరేది స్వచ్ఛందంగా. పల్లె వైద్యం మీద ముందే ఇష్టం ఉన్నవారే ఎక్కువగా దరఖాస్తు చేస్తారు, పథకం లేకున్నా వారిలో కొందరు అక్కడికే వెళ్లేవారు. జరిగిన పరిశోధనలు దాదాపు అన్నీ పరిశీలనల మీద ఆధారపడ్డవే కాబట్టి డబ్బు చేసిన పని ఎంత, ఇష్టం చేసిన పని ఎంత అని విడదీయడం కష్టం. ఆ డబ్బు వృథా అని నేను అనను. ఇష్టం ఉండీ అప్పు వల్ల వెళ్లలేని డాక్టరుకు దారి ఇవ్వడం కూడా ప్రభుత్వం చేయాల్సిన పనే.

డబ్బు కాకుండా డాక్టరును ఊళ్లో నిలబెట్టేవి వేరే ఉన్నాయి. భార్యకో భర్తకో ఆ ఊళ్లో ఉద్యోగం దొరకడం, పిల్లల బడి, రాత్రి డ్యూటీ పంచుకోవడానికి రెండో డాక్టరు ఉండటం, క్లినిక్ యాజమాన్యం మర్యాద. వారంలో ఏడు రాత్రులూ ఫోన్ మోగితే ఎత్తాల్సింది ఒక్కరే అయిన చోట ఎంత అప్పు తీర్చినా గడువు దాటి ఉండమనడం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఆర్థిక ప్రోత్సాహాన్ని ఒంటరిగా వాడొద్దని, గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులకు సీట్లు, పల్లెల్లో శిక్షణ, పని పరిస్థితుల మెరుగుదలతో కలిపి అమలు చేయమని చెబుతున్నాయి.

న్యాయానికి సంబంధించిన ప్రశ్న ఇంకొకటి ఉంది. తండ్రి ఫీజు కట్టగలిగిన విద్యార్థికి అప్పు ఉండదు, సేవకు వెళ్లాల్సిన అవసరమూ ఉండదు. సేవ బాధ్యత మొత్తం అప్పుచేసి చదివినవారి మీద పడుతుంది. అదే సమయంలో పేద ఇంటి పిల్లలు అప్పుకు భయపడకుండా వైద్యవిద్యకు రావడానికి ఈ పథకాలు ధైర్యాన్నిస్తాయి. ఈ రెండూ నిజాలే.

ఇతర దేశాలు

కెనడా 2013 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో పనిచేసే ఫ్యామిలీ డాక్టర్లకు అయిదేళ్లలో 40,000 కెనడా డాలర్లు, నర్సులకు 20,000 వరకు సమాఖ్య రుణం మాఫీ చేసింది. 2023లో వాటిని 60,000కు, 30,000కు పెంచింది. న్యూజిలాండ్ 2009లో మొదలుపెట్టిన స్వచ్ఛంద పథకంలో మూడేళ్లు పూర్తయ్యాకే మొదటి చెల్లింపు. ఆస్ట్రేలియా 2022 నుంచి డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్ల విద్యా రుణాన్ని ఊరి దూరాన్ని బట్టి తగ్గిస్తోంది. చాలా మారుమూల ప్రాంతమైతే కోర్సు కాలంలో సగం పనిచేస్తే చాలు, రుణమంతా పోతుంది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ఫీజును అప్పుగా ఇచ్చి, విద్యార్థి తన సొంత ప్రిఫెక్చర్‌కు తిరిగొచ్చి తొమ్మిదేళ్లు సేవ చేస్తే ఆ అప్పును రద్దు చేస్తుంది. మాట ముందే తీసుకున్నా ఇది బాగా నడవడానికి కారణం, ఏ ప్రాంతానికి డాక్టరు కావాలో ఆ ప్రాంతపు పిల్లలనే ఎంచుకోవడం.

తెలుగు డాక్టర్లు, తెలుగు రాష్ట్రాలు

అమెరికాలోని కొరత ప్రాంతాల్లో పనిచేసే డాక్టర్లలో తెలుగువారూ ఉన్నారు, అయితే వారిలో చాలామంది అక్కడికి చేరింది వేరే దారిన. సమాఖ్య రుణ చెల్లింపు పథకం అమెరికా పౌరులకే. మన దగ్గర ఎంబీబీఎస్ చదివి జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవారు రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు కోసం కొరత ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తారు. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994లో వచ్చిన ఈ ఏర్పాటు కింద ప్రతి రాష్ట్రం ఏటా 30 మందికి ఆ అవకాశం ఇవ్వగలదు. అంటే ఒకే క్లినిక్‌లో పక్కపక్క గదుల్లో, ఒక డాక్టరు అప్పు తీరడం కోసం, మరో డాక్టరు వీసా కోసం సేవ చేస్తూ ఉండొచ్చు.

భారతదేశంలో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం హర్యానాది. 2020లో అక్కడి ప్రభుత్వం ఎంబీబీఎస్ విద్యార్థులకు ఏడాదికి 10 లక్షల రూపాయల బాండు పెట్టి, దాన్ని బ్యాంకు రుణంగా తీసుకోవచ్చని, ఏడేళ్లు ప్రభుత్వ సేవ చేస్తే వాయిదాలు తానే కడతానని చెప్పింది. 2022 నవంబర్‌లో రోహ్‌తక్ విద్యార్థులు రోడ్డెక్కారు. ఉద్యోగం ఇస్తామన్న హామీ లేకుండా అప్పు తమ నెత్తిన పెట్టడమేమిటన్నది వారి ప్రధాన అభ్యంతరం. చివరికి సేవా కాలాన్ని అయిదేళ్లకు, మొత్తాన్ని సుమారు 30 లక్షలకు తగ్గించారు. బాండ్లు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో తీర్పు ఇచ్చింది గానీ, దేశమంతటికీ ఒకే విధానం ఉంటే మేలని కూడా సూచించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి పథకం పెట్టాలంటే మొదటి చిక్కు అప్పు రూపం దగ్గరే వస్తుంది. ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజు ఉండే బీ కేటగిరీ సీటుకో, జార్జియాలోనో ఫిలిప్పీన్స్‌లోనో ఎంబీబీఎస్‌కో పంపిన కుటుంబం బ్యాంకు రుణంతో సరిపెట్టుకోదు. పొలం అమ్ముతారు, బంగారం తాకట్టు పెడతారు, ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అమెరికా తరహా నిబంధన పెడితే ఇందులో బ్యాంకు పుస్తకంలో ఉన్న భాగమే లెక్కలోకి వస్తుంది. తండ్రి పేరున ఉన్న ప్రోనోటు ఎక్కడా కనిపించదు.

రెండోది, ఇక్కడ పల్లె సేవకు డాక్టర్లు కోరే ప్రతిఫలం అప్పు తీరడం కాదు, పీజీ సీటు. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల పీహెచ్‌సీల్లో చేరే యువ డాక్టర్లలో చాలామంది చూపు, ప్రభుత్వ సేవలో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో కొంత వాటా కేటాయించే ఇన్‌సర్వీస్ కోటా మీదే ఉంటుంది. అలాంటి కోటా పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కోటా శాతం తగ్గించినందుకు 2024లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. పీజీ అయ్యాక స్పెషలిస్టుగా ఆ డాక్టరు జిల్లా ఆస్పత్రికో బోధనాస్పత్రికో వెళ్తారు, పీహెచ్‌సీ కుర్చీలోకి మళ్లీ ఎంబీబీఎస్ పూర్తిచేసిన కొత్త డాక్టరు వస్తారు.